గడియ పడని కిటికీ

మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే తోవల, పాత ఇటుక బట్టి మలుపు కాడ ఓ రెండంతస్తుల ఇల్లున్నది. చీకటి పడ్డంక ఆడ ఆటో ఆపమంటే ఆపేటోడు లేడు. "మలుపు దాటినంక దింపుత, ఎనకకు నడుసుకుంట పో" అంటరు. సెకండ్ షిఫ్టు ఇడిసి సైకిళ్ళ మీద వచ్చే ఫ్యాక్టరీ పోరలైతే ఆడ తొక్కరు... ఎగురుతరు.

ఎందుకంటే — ఆ ఇంటి కింది కిటికీ రాత్రిపూట తనంతట తనే తెరుసుకుంటదట. తెరుసుకున్న కిటికీల తెల్లగ ఒక ఆకారం నిలబడ్తదట. నోరు తెరిచి... హా... హా... అని గాలి మింగుతదట.

బట్టిల పనిజేసుకుంట సచ్చిపోయిన ఒకామె దెయ్యమైందని ఊరంతా మాట. ఆమె పేరేంది అని అడుగుండ్రి, ఒకరు చెప్పిన పేరు ఇంకొకరు చెప్పరు. ఎన్నడు సచ్చింది? తెల్వదు. ఎట్ల సచ్చింది? తెల్వదు. కట్టుకున్న చీర రంగు మాత్రం అందరికీ ఎరుకే!

నా పేరు వినోద. అల్వాల్‌ల నాకు హార్డ్‌వేర్ దుకాణం ఉన్నది. గడియలు, గొళ్ళాలు, తాళాలు, హ్యాండిళ్ళు... ఇరవై ఏండ్ల సంది ఇదే లోకం. దెయ్యాల సంగతి నాకు తెల్వదు గని, మనుషులు కిటికీలకు ఏం బిగిస్తరో చూస్తే మాత్రం నాకు భయమైతది.

ఆ ఇల్లు కట్టించినాయన రాఘవేందర్. సూరారంల పైపుల యాపారం. 2004 ఎండకాలం, గృహప్రవేశానికి ముందు నా దుకాణానికి వచ్చిండు. ముందర తలుపుకు ఏం తాళం ఏరిండనుకున్నరు! రెండు చేతుల్తోని మోయాలె. పెద్ద దర్వాజకు ఇత్తడి గొళ్ళెం, దానికి ఏనుగు తలకాయ. ఇగ కిటికీల మాట వచ్చేసరికి, డబ్బాలకెల్లి తళతళ మెరిసే హ్యాండిల్ ఒకటి పట్టుకొని "గిదే ఇయ్యి" అన్నడు.

"కిటికీలకు ఊచలున్నయా అన్నా?" అనడిగిన.

"ఊచలేందక్కా, పాతకాలం లెక్క! మొత్తం అద్దమే."

"అయితే ఇది పనికిరాదు. చూడు..." అని ఆ హ్యాండిల్‌ను బొటనవేలుతోని ఒంచి చూపించిన. లోపలంత బోలు. కొక్కెం ఏమో గోరంత. "తీసేటప్పుడు ఒక్క వేలుకు వస్తది. మల్ల పడాలంటే రెక్కను గుంజి పట్టి, కొక్కేన్ని పైకి ఒత్తాలె. వానకు చెక్క ఉబ్బిందంటే నీ అసుంటోనికే పడది. ఇంట్ల పెద్దోళ్ళుంటే అసలే పడది."

ఆయన దాన్ని ఎలుగుకు పెట్టి అటు తిప్పిండు, ఇటు తిప్పిండు.

"మెరుస్తది గదక్కా," అన్నడు.

గంతే. మెరుస్తది! దొంగ వచ్చి మొకం చూసుకోవాలె గదా దాంట్ల. నేను కట్టి ఇచ్చిన. చెప్పేది చెప్పినంక ఇగ నాదేముంది?

వానలు పడ్డయి. మూడు నెలలు గడిచినయి. ఒకనాడు పొద్దుగాల్నే ఆయన భార్య సుచిత్ర ఒక్కతే దుకాణానికి వచ్చింది. ఐదో నెల కడుపు. స్టూలు ఏస్తే కూసున్నది. మంచినీళ్ళు తాగింది. మెల్లగ అడిగింది —

"అక్కా... దెయ్యం తీయరాని గడియ ఉంటదా?"

నాకు నవ్వొచ్చింది. ఆమె మొకం చూసి ఆపుకున్న.

అప్పుడు చెప్పుకొచ్చింది. రాత్రి కిటికీలన్ని ఏసి పండుకుంటరట. మొగుడు పెండ్లాలు పైన, అత్త లక్ష్మీకాంతమ్మ కింద. తెల్లారి చూస్తే కింద హాలు కిటికీ బార్లా తెరిచే ఉంటదట. ఒకసారి గాదు, రెండుసార్లు గాదు. ఒక రాత్రి సుచిత్ర నీళ్ళకని కిందికి దిగితే కిటికీ తెరిచి ఉన్నది. ఏసుదామని దగ్గరికి పోయింది. ఎనక మొగుడు వచ్చిండు. చీకట్ల, తెరిచిన కిటికీ కాడ పెండ్లాన్ని చూసిండు. ఇంకేముంది... కెవ్వున అరిచిండు.

"ఆ రోజు సంది దెయ్యం నాకే పట్టిందంటున్నడక్కా. మంత్రగాన్ని మాట్లాడిండు. రేపు పొద్దుగాల వస్తడట. ఇనుపకడ్డీ కాల్చి... వాతలు పెడ్తడట."

"కడుపుతోని ఉన్నదానివి! మీ అత్త ఏమనలేదా?"

"ఏమనది. కొంగు నోట్ల కుక్కుకొని ఏడుస్తది."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. సక్కటి గడియ పెట్టించుకోనీకి చేతగాలేదు గని, పెండ్లాన్ని కాల్పిచ్చెతందుకు మనిషి దొరికిండట!

"దెయ్యం సంగతి నాకు తెల్వది గని బిడ్డా, మనిషి తీయరానిది మాత్రం ఉన్నది," అని లోపలి డబ్బా తీసిన. మెరుపు లేదు, బరువుంది. హ్యాండిల్‌లనే తాళం. కొక్కెం బొటనవేలంత లావు, పోయి ఉక్కు పలకల దిగుతది. మూసినంక స్క్రూలు బయటికి కనపడయి, అవి కూడ రెండంగుళాలు చెక్కల దిగుతయి. ఎనిమిది కిటికీలకు ఒక్కటే తాళంచెవి. "ఇది పెట్టి చెవి తిప్పినవంటే, బయటోడు అద్దం పలగ్గొట్టి చెయ్యి పెట్టినా రాదు. లోపలోడు గుంజినా రాదు."

"తాళంచెవి నా కాడ ఉండంగ కూడ తెరుసుకుంటే?"

"అప్పుడు నేను దుకాణం బంద్ పెట్టి భజన చేసుకుంట."

కార్పెంటర్ యేసయ్యను ఆమె ఎంట తోలిన. అరవై దగ్గర పడ్డ మనిషి, చెయ్యి నిదానం. ఇగ ఇక్కడికెల్లి చెప్పేది ఆయన నాకు చెప్పిందే. ఆయన అబద్ధమాడడు. ఆదివారం చర్చికి పోతడని గాదు, అబద్ధం గుర్తుపెట్టుకునే ఓపిక ఆయనకు లేదు.

యేసయ్య పోయి ఒక్కొక్క కిటికీ చూసుకుంట వచ్చిండు. పైన నాలుగు, హాల్ల మూడు, వంటింట్ల ఒకటి. మెట్ల కింద అర్రకు కిటికీ లేదు, ఆడ పనిలేదు. పాత హ్యాండిళ్ళు మూడు నెలలకే తుప్పు. హాల్ల వరండ దిక్కున్న కిటికీకైతే కొక్కెం అరిగి, దాని అంచు గీతలు పడి ఉన్నది... బయట కాదు, లోపల.

ముసలామె లక్ష్మీకాంతమ్మ వచ్చి ఆయన పక్కన నిలబడ్డది.

"కిటికీలకు తాళాలేంది? పిట్టల లెక్క బోన్ల పెడ్తరా మమ్ముల?" అన్నది.

సోఫాల కాళ్ళు సాపుకొని కూసున్న రాఘవేందర్ నవ్విండు. "బిగియ్యనియ్యే అమ్మా. దెయ్యం తాళంచెవి అడగనీకి వస్తదేమో చూద్దాం."

పని అయ్యేసరికి రాత్రి ఎనిమిది దాటింది. బయట జోరుగ వాన. ఆకరి బస్సు పోయింది. రాఘవేందర్‌కు కారుంది, గని ఈ యాళల ఆ మలుపు దాటనన్నడు. వరండల గోనెసంచి పరిచి, "ఈడనే పండుకో" అన్నడు. సుచిత్ర తాళంచెవి కొంగుకు ముడేసుకొని మెట్లెక్కి పోయింది.

కరెంటు పోయింది.

వాన తగ్గింది. గాలి లేదు. ఉక్క. యేసయ్యకు నిద్ర రాలే. దూరంగ ఎక్కడ్నో కుక్క మొరిగి ఊకున్నది...

టక్.

కండ్లు తెరిచిండు. కప్ప దుంకిందేమో అనుకున్నడు.

టక్... టక్.

తల పక్కనే. తను పొద్దంత చెమటలు కార్చి బిగించిన కిటికీ. ఆ సప్పుడు ఆయనకు తెల్సు — తాళమేసిన హ్యాండిల్‌ను తిప్పితే వచ్చే సప్పుడది. బయట ఉన్నది తనొక్కడే. మరి... తిప్పుతున్నదెవరు?

మెల్లగ లేచి కూసున్నడు.

అద్దం వెనక... తెల్లగ...

మెరుపు మెరిసింది. అద్దానికి ఒక అరచెయ్యి అతుక్కొని ఉన్నది. దాని పైన నోరు. తెరిచిన నోరు. ఆ నోటి ఆవిరికి అద్దం మసకబారుతున్నది... మల్ల తేటపడుతున్నది... మల్ల మసకబారుతున్నది.

"యేసయ్యా!" అన్నడట యేసయ్య. దేవున్ని పిల్చిండో, తనను తనే పిల్చుకున్నడో ఆయనకే తెల్వదు.

టక్టక్టక్టక్... హ్యాండిల్ ఆగకుంట కొట్టుకుంటున్నది. ఇగ రెండు అరచేతులు అద్దాన్ని బాదుతున్నయి. లోపలికెల్లి సప్పుడు... హా... హా... హా... అది కూడ పలచబడుతున్నది. చేతులు అద్దం మీదికెల్లి కిందికి జారుతున్నయి.

ఉరుకుదామనే అనుకున్నడు. చెప్పులు కూడ ఏసుకున్నడు. గని నలభై ఏండ్లు తలుపులు, కిటికీలు బిగించిన మనిషి ఆయన. లోపలికి రావాలనుకునేటోడు ఎట్ల కొడ్తడో, బయటికి పోవాలనుకునేటోడు ఎట్ల కొడ్తడో ఆ చెవికి తేడా తెల్సు. "ఇది చంపనీకి కొట్టే దెబ్బ గాదు వినోదమ్మా, సచ్చేటోళ్ళు కొట్టే దెబ్బ," అన్నడు నాతోని.

వాకిట్లకు ఉరికి పైకి మొత్తుకున్నడు.

"బిడ్డా సుచిత్రా! తాళంచెవి తే! జల్దీ!"

పైన టార్చి ఎలిగింది. సుచిత్ర కడుపు పట్టుకొని మెట్లు దిగుతున్నది. ఎనక రాఘవేందర్ గొంతు — "పోకు! అది పిలుస్తున్నది! పోకు!" ఆయన మాత్రం సగం మెట్ల మీదనే నిలబడి, రెయిలింగు పట్టుకొని ఏదో స్తోత్రం చదువుతున్నడట. తప్పులతోని.

సుచిత్ర ఆగలే. హాల్లకు వచ్చింది. టార్చి ఏసింది.

కిటికీ కింద తెల్ల చీర. విరబోసుకున్న తెల్ల జుట్టు. అది తల ఎత్తింది.

"అత్తమ్మా?..."

"గాలి..." అన్నది లక్ష్మీకాంతమ్మ. "గాలి..."

సుచిత్ర తాళంచెవి పెట్టి తిప్పింది. కిటికీ తెరుసుకున్నది. ముసలామె ఊపిరి దొరికిందాక కోడలి నడుము ఇడువలే.

మెట్ల కింద అర్రల ఏసిండట తల్లిని. గోడకు ఒక్క కంత లేదు. కరెంటు పోయి ఫ్యాను ఆగితే ఆమెకు గొంతు పట్టుకున్నట్టైతది. పుట్టిన సంది వాకిట్ల మంచమేసుకొని పండుకున్న మనిషి. ముందర తలుపు తాళం ఆమె చేతులకు రాదు, అందుకే హాల్లకు వచ్చి కిటికీ తీసి, ఊపిరి పీల్చుకొని, మల్ల ఏసుదామని చూస్తే ఆ మెరిసే హ్యాండిల్ పడేది గాదు. ఆ వేళ్ళకు బలం ఏడిది? అట్లనే ఇడిసి పోయి పండుకునేది. మొదటి రోజు పొద్దుగాల కొడుకు "కిటికీ ఎవరు తీసిండ్రు, ఇల్లు దోచుకపోతరు" అని ఇల్లు పీకి పందిరేసిండు. ఆమె భయపడి నోరు మూసుకున్నది. అంతల ఊరోళ్ళు దెయ్యమన్నరు. ఇంకా మంచిదాయె, తన మీదికి రాలేదు గదా!

సుచిత్ర ఒక్కటే అడిగింది.

"రేపు నాకు వాతలు పెడ్తరని తెల్సు గదా అత్తమ్మా?"

ముసలామె కొంగు నోట్ల కుక్కుకున్నది. యేసయ్య కిటికీ బయట నిలబడి, వాన నీళ్ళు కారుతున్న సూరు దిక్కు చూసుకుంట ఉన్నడట.

అప్పుడు దిగిండు రాఘవేందర్, మిగిలిన సగం మెట్లు. తల్లిని చూసిండు, కిటికీని చూసిండు. అంతా అర్థమైంది. అయినంక ఏమన్నడో ఇనుండ్రి.

"సరే... బయట ఎవరికి చెప్పకుండ్రి. గని రేపు వచ్చేటోన్ని ఉత్తగ తోలితే ఇజ్జత్ పోతది, ఊరందరికి చెప్పిన. ఒక్కటే సుచిత్రా... సన్నగ, మోచేతి కాడ. పెట్టించుకో."

దెయ్యానికి వణకనోన్ని, గీ మాటకు వణికిన అన్నడు యేసయ్య.

తెల్లారింది. మంత్రగాడు మోపెడ్ మీద వచ్చిండు. ఊదుకడ్డీలు, నిమ్మకాయలు, కడ్డీ. వాకిట్ల బొగ్గులు రాజేసిండు. చూడనీకి చుట్టుపక్కలోళ్ళు గేటు కాడికి చేరిండ్రు. పిల్లలను ఎత్తుకొని మరీ వచ్చిండ్రు, జాతరకు వచ్చినట్టు.

"ఏది, దెయ్యం పట్టిన పిల్ల?"

లక్ష్మీకాంతమ్మ వచ్చింది. వాకిట్ల నడుమ కూసున్నది. కొంగు పక్కకు తీసి, ఎండిపోయిన చెయ్యి బొగ్గుల మీదికి సాపింది.

"పిల్లకు గాదు. మూడు నెలల సంది కిటికీ తీసింది నేను. దెయ్యాన్ని నేను. పెట్టు."

మంత్రగాడు రాఘవేందర్ దిక్కు చూసిండు. రాఘవేందర్ గేటు దిక్కు చూసిండు. గేటు కాడోళ్ళు ఒకరి మొకం ఒకరు చూసుకున్నరు.

"పెట్టరా! కోడలికైతే పెడ్తవు, అత్తకు పెట్టవా?"

కడ్డీ బొగ్గులల్లనే ఉన్నది. మంత్రగాడు నిమ్మకాయలు ఏరుకొని మోపెడ్ కిక్కు కొట్టిండు. అందుకోలే. మల్ల కొట్టిండు. ఆకరికి నెట్టుకుంటనే ఉరికిండు.

సుచిత్ర లోపలికెల్లి బ్యాగు పట్టుకొని వచ్చింది. "యేసయ్య మామా, సిద్దిపేట బస్సు ఏడ దొరుకుతది? మా బాపు కాడికి పోత," అన్నది.

గేటు దాటబోతుంటే ఎనకకెల్లి పిలుపు.

"బిడ్డా... నన్ను గూడ తోలుకపోతవా?"

సుచిత్ర ఆగింది. తోవ దిక్కే చూసుకుంట బ్యాగు ఈ చేతికెల్లి ఆ చేతికి మార్చుకున్నది. యేసయ్య అయితే ఇగ ఈమె ఒక్కతే పోతదనే అనుకున్నడు.

"చెప్పులేసుకొండ్రి అత్తమ్మా," అన్నది.