x ఒకటి దాటింది

లిఫ్ట్ ఎక్కేటప్పుడు డ్యామ్ గేట్ల ఇంజనీరు బతికే ఉన్నాడు. తలుపు తెరుచుకునేసరికి మూలకి ఒరిగిపోయి ఉన్నాడు. మెడ మీద సూదిమొనంత గాటు, దాని చుట్టూ ఎర్రటి మరక. రక్తం కాదు, లిప్‌స్టిక్. గేట్లని చేత్తో తిప్పే గది తాళంచెవి అతని జేబులోంచి మాయమైంది.

"విదేశీ ముఠా పని," అన్నాడు చీఫ్, ఫోటో టేబుల్ మీద పడేసి. "పైన కుండపోత. గేట్లు విరిగితే కింద ఊరు మిగలదు. ఉన్న ఒక్క వంతెనా మునిగింది, జనాన్ని కదిలించే దారి లేదు."

ఏజెంటు ఫోటో చేతిలోకి తీసుకున్నాడు. పట్టుకుంటే వదలడని డిపార్ట్‌మెంట్ అంతా అతన్ని జిగురు అని పిలుస్తుంది. కింద ఊరి హైస్కూల్లో లెక్కల టీచరు అతని అక్క. అమ్మ పోయాక అతన్ని సాకింది ఆవిడే.

"డ్యామ్ కంట్రోల్ రూమ్‌లో మన మనిషి ఉంది. లెక్కల నిపుణురాలు. ఆవిడ చెప్పినట్టు చెయ్. నీకూ లెక్కలకీ ఆమడ దూరం కదా."

మధ్యాహ్నానికి జిగురు ఏసీ మెకానిక్ వేషంలో కంట్రోల్ రూమ్‌లో ఉన్నాడు. చేతిలో స్క్రూడ్రైవర్, దాని పిడిలో మత్తు బాణం. కిటికీ అద్దాలు సన్నగా వణుకుతున్నాయి.

"ఈ గదిలో ఏసీకే చెమట పడుతోంది," అన్నాడు కోడ్ ప్రకారం.

"గొడుగు వెయ్యండి దానికి," అంది ఆకుపచ్చ పట్టుచీరలో ఉన్న మనిషి. కోడ్ సరిపోయింది. ఆవిడ నవ్వు మాత్రం కళ్ళదాకా రాలేదు.

కంప్యూటర్ ముందు కూర్చున్న ఆపరేటర్ ముఖం పాలిపోయింది. మామూలు నీటి ఎత్తుని ఒకటి అనుకుంటే, దాని మీద ఎంత పెరిగిందో అది x. నీటి వేగం కావాలంటే ఒకటి ప్లస్ x కి అర పవర్, అంటే వర్గమూలం, కట్టాలి; దాన్ని బట్టే కంప్యూటర్ గేట్లని ఎత్తుతుంది, దించుతుంది. పవర్ భిన్నం కాబట్టి ద్విపద విస్తరణకి అంతుండదు, పదాల వెంట పదాలు వస్తూనే ఉంటాయి. రోజూ x చిన్నది, నాలుగు పదాలు కలిపితే చాలు. ఈరోజు నీళ్ళు మామూలుకి మూడు రెట్లయ్యాయి. x రెండు.

"ఒకటిన్నర అంటోంది మేడమ్. ఇప్పుడు రెండు అంటోంది. గేట్లు లేస్తున్నాయి, పడుతున్నాయి."

"కంగారు పడకండి. ఇంకో పదం కలపండి, కచ్చితంగా వస్తుంది."

కలిపాడు. ఒకటింబావు మీద కాస్త. ఇంకోటి కలిపాడు. రెండుంబావు. కింద ఎక్కడో ఇనుము మూలిగింది. గేటు దఢాలున పడి మళ్ళీ లేచింది.

జిగురుకి చెవి చురుక్కుమంది. చిన్నప్పుడు ఆ చెవినే మెలిపెట్టి అక్క అనేది: "పవర్ మైనస్ అయినా భిన్నమైనా, x ఒకటి లోపుంటేనే ఆ సిరీస్‌ని నమ్మరా. దాటిందా, కలిపిన కొద్దీ కొంప ముంచుతుంది."

ఈ సంగతి లెక్కల నిపుణురాలికి తెలియదా?

"ఇంకో పదం," అంటూ ఆవిడ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి లిప్‌స్టిక్ తీసింది. మూత తీసింది, పెదవుల దగ్గరికి మాత్రం తీసుకెళ్ళలేదు.

"కలపకు," అన్నాడు జిగురు ఆపరేటర్‌తో.

ఆవిడ నిదానంగా తిరిగింది. "నీ ఫైల్ చూశాను. లెక్కల్లో రెండుసార్లు ఫెయిల్. నిన్నే పంపమని చీఫ్‌ని అడిగింది అందుకే."

"ఫెయిలయ్యాకే కదండీ నేను మా అక్క చేతికి చిక్కింది."

లిప్‌స్టిక్‌లోంచి సూది బయటికి వచ్చింది. స్క్రూడ్రైవర్ పిడి టక్కుమంది. బాణం భుజంలో దిగి ఆవిడ చీర కుచ్చిళ్ళ మీదే కూలబడింది. కింద గేటు బోల్టులు ఒకటొకటిగా తెగుతున్న చప్పుడు.

"ఒకటి ప్లస్ రెండు, మూడు. మూడంటే నాలుగులోంచి ఒకటి పోగా మిగిలింది," అన్నాడు జిగురు కీబోర్డు లాక్కుని. "నాలుగుని బయటికి తీసెయ్యాలి. దాని వర్గమూలం రెండు. లోపల మిగిలే x విలువ మైనస్ పావు. ఒకటి లోపే."

బయటి గుణకం రెండు, x మైనస్ పావు. రెండూ కొట్టాడు. తెర మీద 1.75 వచ్చింది. తర్వాత 1.734. తర్వాత 1.732. ఆపైన అంకెలు కదలడం మానేశాయి. పడబోతున్న గేటు గాల్లో ఆగి, మెల్లిగా సరైన ఎత్తుకి చేరి నిలబడింది. ఆపరేటర్ తల టేబుల్‌కి ఆనించి ఏడ్చేశాడు. జిగురుకీ ఏడవాలనే ఉంది.

ముందు అక్కకి ఫోన్ చేశాడు.

"క్లాసులో ఉన్నానురా. ఏంటి?"

"ఏం లేదక్కా. అర పవర్ లెక్కొకటి చేశాను. x రెండొచ్చింది."

"నాలుగు బయటికి తీశావా?"

"తీశాను."

"మరి అప్పుడేం రోగం నీకు, రెండుసార్లు తప్పావు?" అని ఆవిడ ఫోన్ పెట్టేసింది.

తర్వాత చీఫ్ ఫోన్ చేసి ఏదో పతకం గురించి చెబుతున్నాడు. జిగురు వినడం లేదు. అక్క దగ్గర పాసవడం అతనికి అదే మొదటిసారి.