కూలింగ్ మాస్టారి చెయ్యి

పొద్దున్నే కూలింగ్ మాస్టారు చొక్కా బొత్తాలతో కుస్తీ పడుతున్నారు. మూడో బొత్తాం ఎంతకీ కాజాలో దూరడం లేదు. ఆయన భార్య టీ గ్లాసు బల్లమీద పెట్టి, దగ్గరకొచ్చి ఆ బొత్తాం తనే పెట్టేసింది. రెండు నెలలుగా ఇదే వరస. వయసుతోపాటు మొగుడికి బద్ధకం కూడా పెరిగిందని ఆవిడ అభిప్రాయం. ఈ కాలం దర్జీలకు కాజాలు కుట్టడం రాదని ఆయన అభిప్రాయం.

బొత్తాం పెట్టాక ఆవిడ అసలు విషయం చెప్పింది. పడగ్గదిలో ఏసీ రాత్రంతా ఊరికే గాలి కొట్టింది తప్ప చల్లబడలేదట. తెల్లవార్లూ విసనకర్రతో విసురుకుందట. ఏసీ మెకానిక్‌ని చేసుకుని విసనకర్ర పట్టుకోవాల్సి రావడం తన రాతని కూడా అంది.

మాస్టారు ఏ బళ్లోనూ పాఠాలు చెప్పినవారు కాదు. ముప్పై రెండేళ్లుగా ఇంటింటికీ తిరిగి ఏసీలు బాగుచేస్తున్నారు గనుక చుట్టుపక్కల నాలుగు వీధులవాళ్లు ఆయనకు ఆ పేరు తగిలించారు. కోపం ముక్కు మీదే ఉండే మనిషికి ఆ పేరేమిటని నవ్వుకునేవాళ్లూ ఉన్నారు. పనిలో మాత్రం ఆయనకు వంక పెట్టినవారు లేరు. మీటర్లూ గీటర్లూ వాడరు. బయటి డబ్బాలోంచి వచ్చే లావు గొట్టాన్ని వేళ్లతో పట్టుకుని గ్యాసు ఉందో లేదో చెప్పేస్తారు. డబ్బా మీద అరచెయ్యి ఆనించి లోపల కంప్రెసర్ తిరుగుతోందో లేదో చెప్పేస్తారు. అన్నేళ్లలో ఆ చెయ్యి చెప్పింది తప్పు కాలేదు.

ఆయన బాల్కనీలోకి వెళ్లి గొట్టం పట్టుకున్నారు. చల్లగానే ఉంది. డబ్బా మీద అరచెయ్యి పెట్టారు. అరచేతికి అదురు తెలుస్తోంది, సన్నగా, ఆగకుండా గుర్రుమంటోంది. ఏసీ దివ్యంగా ఉందని, భార్యకే ఒళ్లు వేడి చేసిందని తీర్పు చెప్పి వచ్చి పడగ్గదిలో కూర్చున్నారు.

పది నిమిషాలకి ఆయన చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

అక్కణ్ణుంచి మొదలైంది అయోమయం. ఫిల్టర్లు ఊడదీసి కడిగారు. రిమోట్‌లో బ్యాటరీలు మార్చారు. కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కారు. సబ్బు నురగ చేసి గొట్టాల అతుకులన్నిటికీ పూశారు. గ్యాసు పోతుంటే అక్కడ బుడగలు లేవాలి, ఒక్కటీ లేవలేదు. మళ్లీ గొట్టం పట్టుకున్నారు. చల్లగానే ఉంది. మళ్లీ డబ్బా తాకారు. తిరుగుతూనే ఉంది. అన్నీ సవ్యంగా ఉన్నాయి, గది మాత్రం కుంపటిలా ఉంది. ఇన్నేళ్లలో ఇంత బుర్ర తిన్న యంత్రాన్ని ఆయన చూడలేదు. పాత స్నేహితుడు అబద్ధమాడుతున్నట్టు అనిపించింది. ఎవరు అబద్ధమాడుతున్నారో మాత్రం తేలలేదు.

ఇంతలో ఫోను మోగింది. పక్కవీధి పళ్ల డాక్టరు. మొన్న మాస్టారు వచ్చి చూసి, అంతా బాగుందని చెప్పి వెళ్లిన ఏసీ అసలు చల్లబడటమే లేదట. రోగులు కుర్చీలో చెమటలు కక్కుతున్నారట. డాక్టరు మర్యాదగానే, మరో మనిషిని పిలుచుకోమంటారా అని అడిగాడు. మాస్టారికి తల కొట్టేసినట్టయింది. ఏదో సర్దిచెప్పి ఫోను పెట్టేశారు. అక్కడా ఇదే తంతు. అక్కడా చెయ్యి బాగుందనే చెప్పింది.

ఒంటిగంటకు కూతురు భోజనానికి వచ్చింది. ఏసీ విడిభాగాలు అమ్మే కొట్లో పని చేస్తుంది. మనిషి పొడుగే గాని చిన్నప్పటి పేరు పోక ఇంట్లో ఇంకా పొట్టే. తండ్రీకూతుళ్ల మధ్య నెల రోజులుగా ముక్తసరి మాటలే. కొట్లో కౌంటరు వెనక నిలబడటం మానేసి నాన్నతో పనికి వస్తానని ఆ పిల్ల అడిగింది. ఆయన ససేమిరా అన్నారు. ఏసీ కింద కూర్చునే ఉద్యోగం చేస్తుందని చదివిస్తే, ఏసీ పట్టుకుని గోడ అంచున వేలాడతానంటుందేమిటని ఆయన బాధ. అదే వారంలో అది మొదటి జీతంతో ఒక మీటరు కొని తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. తీగ చుట్టూ పట్టకారులా తగిలిస్తే ఎంత కరెంటు పోతోందో అంకెల్లో చూపించే మీటరు. తన చెయ్యి చాలదన్నట్టు ఈ బొమ్మ తెచ్చిందని ఆయనకు రోషం పొడుచుకొచ్చింది. పెట్టె కూడా విప్పకుండా బీరువాలో పడేశారు.

తల్లి చెప్పింది విని పొట్టి చేతిసంచి కూడా దించకుండా తిన్నగా బాల్కనీలోకి వెళ్లింది. గొట్టం పట్టుకుంది. వదిలి, మళ్లీ పట్టుకుంది.

"ఇది చల్లగా లేదు నాన్నా."

"చల్లగా ఉంది. నేను పొద్దుణ్ణుంచీ చూస్తున్నా."

"అమ్మా, నువ్వు పట్టుకో."

ఆవిడ కొంగుతో చెయ్యి తుడుచుకుని పట్టుకుంది. మొగుడి మొహంకేసి ఒకసారి, కూతురి మొహంకేసి ఒకసారి చూసింది. కొంచెం వెచ్చగానే ఉందండీ, అంది మెల్లగా.

మాస్టారు అగ్గిమీద గుగ్గిలమయ్యారు. నిన్నగాక మొన్న కౌంటరెక్కిన పిల్లా, వంటగది దాటి ఎరగని ఇల్లాలూ కలిసి తనకు పని నేర్పుతున్నారన్నారు. ముప్పై రెండేళ్లు ఈ చెయ్యే ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టిందన్నారు. గొట్టం సంగతి వదిలేసినా కంప్రెసర్ తిరుగుతోందని, అది అరచేతికి స్పష్టంగా తెలుస్తోందని, చెవులు రిక్కించక్కర్లేదని అన్నారు. నిజానికి చెవులు రిక్కించినా లాభం లేదు. ఆ గోడకే పక్కింటివాళ్ల ఏసీ డబ్బా కూడా ఉంది, దాని మోతలో ఏదీ వినబడదు.

పొట్టి లోపలికి వెళ్లి బీరువాలోంచి మీటరు తెచ్చి, పెట్టె విప్పి, డబ్బా మూత తీసి ఒక్క తీగకి తగిలించింది. అర ఆంపియరు కూడా లేదు. కంప్రెసర్ తిరుగుతుంటే కనీసం ఐదు చూపించాలి.

"ఫ్యాను ఒక్కటే తిరుగుతోంది నాన్నా. కంప్రెసర్ ఆగిపోయింది. అందుకే లోపల ఉత్త గాలి వస్తోంది."

"నీ బొమ్మ చెడిపోయింది," అంటూ మాస్టారు మళ్లీ అరచెయ్యి ఆనించారు. "ఇదిగో, తిరుగుతోంది."

ఆ పిల్ల లోపలికి వెళ్లి ఏసీ స్విచ్చి కట్టేసింది. మెయిన్ కూడా దించేసి వచ్చింది. వాళ్ల కళ్లముందే ఫ్యాను రెక్కలు నెమ్మదించి, ఆగిపోయాయి.

"ఇప్పుడు పెట్టు నాన్నా."

ఆయన పెట్టారు. గుర్రుమంటోంది. సన్నగా, ఆగకుండా, పొద్దుణ్ణుంచీ ఎలా ఉందో అలాగే. పక్కింటి డబ్బా అదురు గోడలోంచి వస్తోందేమో అనుకున్నారు. మెకానిక్ బుద్ధి కదా, పరీక్ష చేయకుండా ఊరుకోదు. చెయ్యి డబ్బా మీంచి తీసి గాలిలో ఊరికే పట్టుకున్నారు.

గుర్రుమంటూనే ఉంది.

రెండో చెయ్యి కూడా ఎత్తి చూసుకున్నారు. అదీ అంతే. అదురు యంత్రంలో లేదు, గోడలో లేదు. ఎన్నాళ్లనుంచో తన చేతుల్లోనే ఉంది. ఆయన బాల్కనీ గడప మీద కూలబడ్డారు.

"ఇది... ఎప్పణ్ణుంచి?" అన్నారు. ఎవరిని అడుగుతున్నారో ఆయనకే తెలియదు.

భార్య వచ్చి పక్కన కూర్చుని ఆయన కుడిచెయ్యి ఒళ్లోకి తీసుకుంది. చూపుడువేలు కొసన ఎండిపోయిన బొబ్బ ఉంది. పోయిన వారం పొయ్యి మీది గిన్నె ఆయన ఉత్త చేతుల్తో దించడం ఆవిడ చూసింది. మొరటు చేతులు, వేడికి అలవాటైపోయాయనుకుంది. కాలిన సంగతే తెలియక ఆయన మర్నాడు బొబ్బ చూసుకుని, ఇదెక్కణ్ణుంచి వచ్చిందని ఆశ్చర్యపోయారు. షుగరున్నవాళ్లకి చేతులూ కాళ్లూ మొద్దుబారి, వేడీ చల్లనా సరిగ్గా తెలియక, ఊరికే జివ్వుమంటుంటాయని డాక్టరు ఏనాడో చెప్పాడు. పనుందని ఈయన మళ్లీ ఆ డాక్టరు మొహం చూడలేదు. రోజూ బొత్తాలు పెడుతూ కూడా గ్రహించలేకపోయానని ఆవిడ కళ్లొత్తుకుంది.

"నాకు తెలుసు నాన్నా," అంది పొట్టి. "కొట్టుకొచ్చినవాళ్లు చెప్పేవారు, మాస్టారు బాగుందన్నారు గాని చల్లబడటం లేదని. ముగ్గురు చెప్పారు. రేపు నీ వేలికి కరెంటు తీగ తగిలితే? అంచు మీద కాలు జారితే? అది నీకు చెప్పలేక మీటరు కొన్నాను. చెప్పలేకే నీతో వస్తానన్నాను."

"నామీద జాలిపడా?"

"సగం భయపడి. సగం నాకా పని ఇష్టమయ్యి. చిన్నప్పుడు నీ స్పానర్ల సంచి మోసిందెవరు?"

ఆయన నెలరోజులుగా కూతురు తన చేతిని కించపరిచిందనుకుని మొహం ముడుచుకు తిరిగారు. అది ఆ చేతినే కాపాడబోయింది. ఆయన కళ్లు నిండాయి. తుడుచుకోవడానికి ఎత్తిన వేళ్లకు ఆ తడి కూడా తెలియలేదు.

కాసేపటికి ఆయనే, కంప్రెసర్ ఎందుకు ఆగిందో చెప్పమని పరీక్ష పెట్టారు. కెపాసిటర్ పోయుంటుందంది పొట్టి. అది కంప్రెసర్‌ని మొదట్లో తోసి లేపే చిన్న డబ్బీ. కొట్టు పక్కవీధిలోనే గనుక పావుగంటలో కొత్తది తెచ్చింది. పాతది ఊడదీయబోతుంటే ఆయన ఆపారు.

"ఆగు. మెయిన్ దించినా దాని కడుపులో కరెంటు మిగిలుంటుంది. ముందు రెండు కొసలకీ స్క్రూడ్రైవర్ తాకించి అది దించెయ్. చెక్కపిడి స్క్రూడ్రైవర్ కాదు, ప్లాస్టిక్ పిడిది తీసుకో. తీగలు ఏది ఎక్కడుందో ముందు ఫోటో తీసుకో."

పొట్టి ఆయన చెప్పినట్టల్లా చేసింది. ఒక తీగ దగ్గర ఆమె తడబడితే ఆయన చెయ్యి అలవాటుగా ముందుకు వెళ్లింది, మళ్లీ తనంతట తనే వెనక్కి వచ్చి ఒళ్లో కూర్చుంది. మూత బిగించి స్విచ్చి వేశారు. మీటరు మీద అంకెలు ఎగిరి ఐదున్నర దగ్గర నిలబడ్డాయి. పది నిమిషాల్లో లావు గొట్టం మీద చెమట బొట్లు పట్టాయి.

మాస్టారు లేచి దగ్గరకు వెళ్లారు. ఈసారి చేత్తో పట్టుకోలేదు. వంగి, చెంప ఆనించారు. చల్లగా ఉంది. ఎన్నాళ్లకో తెలిసిన చల్లదనం, నిజమైన చల్లదనం. చాలాసేపు అలాగే ఉండిపోయారు. పొట్టి తలుపు దగ్గర నిలబడి కళ్లు తుడుచుకుంటూ చూసింది.

ఆ తర్వాత ఆయన పళ్ల డాక్టరుకు ఫోను చేశారు. మొన్న తాను చెప్పింది తప్పని ఒప్పుకున్నారు. రేపు పొద్దున్నే మా మెకానిక్‌ని తీసుకొస్తానన్నారు. కొత్త మెకానిక్ ఎవరండీ అని అవతల అడిగినట్టున్నాడు.

"మా అమ్మాయండీ," అన్నారు మాస్టారు. "మీటరు పెట్టి చూస్తుంది."

సాయంత్రం షుగరు డాక్టరు దగ్గరికి బయల్దేరాలి. మాస్టారు ఉతికిన చొక్కా తొడుక్కున్నారు. బొత్తాలతో కుస్తీ పట్టలేదు, దర్జీని తిట్టలేదు. వంటగదిలోకి వెళ్లి భార్య ఎదురుగా, చేతులు పక్కకు దించుకుని నిలబడ్డారు. ఆవిడ తడిచెయ్యి తుడుచుకుని మొదటి బొత్తాం అందుకుంది.