ఎనిమిదో ఆకు

2023 అక్టోబరు పద్నాలుగు, శనివారం, మహాలయ అమావాస్య. సాయంత్రం ఆరూ ఇరవై. మదనపల్లెలో మా ఇంటి లోపలి గదిలో పెద్దలకు ఆకులు వేస్తున్నాను. అత్తగారు పోయినప్పటి నుంచి పేర్లు పిలిచే పని నాది. తాతలు, అవ్వలు, మామగారు, అత్తగారు, చివర మా ఆయన మునిరత్నం. ఏడుగురు. ఆకుకొక అన్నం ముద్ద, ముద్ద మీద బొటనవేలితో ఒక గుంట, గుంటలో నెయ్యి, మూడు నల్ల నువ్వులు. బతికున్నవాళ్ళకు మా ఇంట్లో ముద్ద అట్లా పెట్టరు.

ఆ గదిలో ఇప్పుడు పెద్దల పటాలకంటే సీసాలు ఎక్కువ. మా మరిది నారాయణప్ప జంతుశాస్త్రం లెక్చరరుగా రిటైరయ్యాడు. కాలేజీలో పాత మ్యూజియం ఖాళీ చేస్తుంటే ఆటోలో వేసుకొచ్చి, పటాల కింద చెక్క మీద వరసగా పేర్చాడు. స్పంజిక, జెల్లీ చేప, ఏలికపాము, వానపాము, తేలు, నత్త, నక్షత్ర చేప. అవి వెన్నెముక లేనివట. జానెడు ఖాళీ వదిలి చేప, కప్ప, తొండ, పిచ్చుక, గబ్బిలం. చిట్టచివర గుడ్డ చుట్టిన సీసా ఒకటి. దాన్ని ఇంకా సర్దలేదన్నాడు. ఏ ప్రాణికి ఏ వరసలో చోటో ఆయనకు తెలుసు. ఇంట్లో ఎవరు తిన్నారో, ఎవరు పస్తున్నారో మాత్రం ఒక్కనాడూ తెలియలేదు.

"వదినా, నీ పెద్దోళ్ళు ఏ వర్గంలోకి వస్తారు?" వరండాలో కుర్చీలోంచి అడిగాడు. "అన్నం తింటారంటే నోరుండాది. ఎముకలు ఉండాయా, లేవా?"

"నీ పుస్తకంలో చూసుకో నాయనా" అన్నాను మెల్లగా. గొంతు పెంచి జవాబు చెప్పేంత విలువ ఆయనకు నేనెన్నడూ ఇవ్వలేదు.

ఆయన భార్య సిద్ధమ్మ నా కొంగు పట్టుకుంది. "అక్కా... ఈసారన్నా నా బిడ్డకు ఒక ఆకు ఎయ్యక్కా."

ముప్పై ఒక్క ఏళ్ళ కిందట కుప్పం ఆసుపత్రిలో ఏడో నెలకే పుట్టింది ఆ ఆడబిడ్డ. ఏడవలేదు. పుంగనూరు పొలం గట్టున పూడ్చి, రాయి పెట్టి వచ్చానన్నాడు నారాయణప్ప. ఏటా సిద్ధమ్మ ఆ రాయికి పాలు పోసి వస్తుంది. పేరు పెట్టని బిడ్డకు ఆకు లేదనేవారు అత్తగారు. నేనూ ఇన్నేళ్ళూ ఆ మాటే చెప్పాను. ఆ పాపం నాది.

చిన్న ఆకు తుంచి ఎనిమిదోది వేశాను.

"ఏమని పిలిచేది?"

"అమ్మా అని పిలువు. వస్తాది."

పిలిచాను. ఇద్దరం బయటికొచ్చి తలుపు మూశాము. పెద్దలు తినేదాకా తెరవకూడదు. వాన పట్టుకుంది. కరెంటు పోయింది.

మొదట నెయ్యి వాసన. తర్వాత దాన్ని మింగుతూ సీసాల్లోని మందు నీళ్ళ వాసన, ముక్కు మండేలా...

లోపల గాజు కదిలింది.

చెక్క మీద సీసాను ఈడుస్తున్నట్టు... కొంచెం. ఆగింది. మళ్ళీ కొంచెం. బలం లేని చేతులు ఈడ్చినట్టు.

"ఎలుక" అన్నాడు నారాయణప్ప. "వెన్నెముక ఉండాది. క్షీరదం."

నవ్వబోయాడు. లోపల ఎవరో చప్పరిస్తున్నారు. పళ్ళు లేని నోరు...

సిద్ధమ్మ గోళ్ళు నా చేతిలో దిగాయి. "అక్కా... తింటాండాది."

చప్పుడు ఆగాక తలుపు తీశాను. ఆయన ఫోను లైటు వేశాడు. ఏడు ఆకులు ఏడూ పెట్టినట్టే ఉన్నాయి. చిన్న ఆకు మాత్రం నాకినట్టు శుభ్రంగా ఉంది. దాని ముందు, నేల మీద, చివరి సీసా. గుడ్డ మడత పెట్టి పక్కన ఉంది. సీసా మీద ఆయన దస్తూరీ: 'క్షీరదం. ఏడు నెలలు. ఆడ.'

లోపల పిడికిళ్ళు మూసుకుని, మోకాళ్ళు ముడుచుకుని... మూతకు వేసిన మైనం చెక్కు చెదరలేదు. సీసా అడుగున నాలుగు అన్నం మెతుకులు.

సిద్ధమ్మ సీసాను ఒళ్ళోకి తీసుకుంది. "ఆ రాయికి పాలు పోస్తినే ఇన్నేండ్లూ..."

"పోస్తివి. నేను వద్దంటినా?" అన్నాడు. "కాలేజీలో క్షీరదాల వరసలో గబ్బిలం ఒక్కటే ఉండె. మన్నులో పెడితే ఎవురికి ఉపయోగం?"

ఆ మనిషి ముఖం మీద ఉమ్మేస్తే ఉమ్ముకే మైల అనిపించింది.

తెల్లారి పొయ్యి వెలిగించలేదు. సీసాను గంపలో పెట్టుకుని ఇద్దరం మొదటి బస్సుకు పుంగనూరు పోయాము. పొలం చూసుకునే సిద్దప్ప రాయి తీసి గునపం వేశాడు. "ఈడ ఎన్నడూ తవ్వలేదమ్మా" అన్నాడు. మైనం పగలగొట్టి, బిడ్డను సిద్ధమ్మ పాత చీర ముక్కలో చుట్టి పడుకోబెట్టాము. పావని అని పేరు పెట్టాము.

పదకొండుకు ఇల్లు చేరేసరికి నారాయణప్ప సీసాల ముందు నిలబడి ఉన్నాడు. చివరి సీసా ఉన్నచోట దుమ్ములో గుండ్రటి మచ్చ. మచ్చ నడుమ అన్నం ముద్ద. పొగలు వస్తున్నాయి.

"పొద్దున్నించీ ఏమీ తినలా. ఇది ఎవురు పెట్టినారు వదినా? నాకేనా?"

దగ్గరికి వెళ్ళి చూశాను. ముద్ద మీద గుంట ఉంది, పసి బొటనవేలు నొక్కినట్టు, కందిగింజ పట్టేంత. గుంటలో నెయ్యి. మూడు నల్ల నువ్వులు.

"నీకే నాయనా" అన్నాను.