సాంచాల నడుమ అడిగిన చాయ్

దీపావళి సెలవులు ముగిశాయి. తెలుగు ఊళ్ల నుంచి వలస వచ్చిన నేత కార్మికులుండే పర్వత్ పాటియా గల్లీల్లో సాంచాలు మళ్లీ మొదలయ్యాయి. పొద్దున్నే గోడలు దాటుకుని వచ్చే ఆ మగ్గాల చప్పుడుకి ఎల్లవ్వ వంటింట్లో గిన్నెలు సన్నగా అదురుతున్నాయి. ఏళ్ల తరబడి ఆ చప్పుడులోనే ఆమె రొట్టెలు కాల్చింది, బిడ్డను పెంచింది. ఈసారి మాత్రం అది చెవిన పడినప్పుడల్లా మూలనున్న మంచం వైపు చూస్తోంది.

మంచం మీద గంగారాం గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ముఖానికి మాస్కు. ఇంట్లో కూడా తీయడు. తినేటప్పుడు కంచం పట్టుకుని వెనక వసారాలోకి పోతాడు.

"ఏమయ్యా, కార్ఖాన సేఠ్ మల్ల ఫోన్ చేసిండు. ఎల్లుండి సంది రాకుంటే నీ సాంచాలు వేరేటోళ్లకు ఇస్తడట."

గంగారాం ఇంకాస్త గోడవైపు జరిగాడు.

"ఆ గోడకు చెప్పినా ఇంతకన్న నయం," అని గొణిగింది ఎల్లవ్వ.

నీరజ లాప్‌టాప్ మీంచి తలెత్తింది. ఆ ఇంట్లో మొదటి డిగ్రీ ఆమెదే. బట్టల మార్కెట్లో ఒక వ్యాపారికి లెక్కలు చూస్తుంది.

"అమ్మా, ఊకో. బాపుది బద్ధకం కాదు. డిప్రెషన్. ఎన్నిసార్లు చెప్పాలె?"

"గదేం రోగమే? జ్వరం లేకపాయె, దగ్గు లేకపాయె. దోస్తు పోతే నాకు గూడ దుఃఖమే. మరి బాలవ్వ ఎట్ల బతుకుతున్నది?"

ఆ పేరు వినగానే గంగారాం భుజాలు ముడుచుకున్నాయి.

బాలవ్వ భర్త సోమలింగం, గంగారాం ఒకే కార్ఖానాలో పక్కపక్క సాంచాలు నడిపారు. సోమలింగం సొంత తమ్ముడు కాకపోయినా గంగారాంను అన్నా అనే పిలిచేవాడు. కరోనా రెండో వేవులో ఆస్పత్రికి పోయి తిరిగి రాలేదు. అప్పటినుంచి గంగారాం ఆ ఇంటి గడప తొక్కలేదు. నీరజ డాక్టరు దగ్గరికి బయల్దేరదీస్తే మెట్ల దాకా వచ్చి వెనక్కి తిరిగాడు. తండ్రి ఎందుకిలా అయ్యాడో తనకు తెలియదని నీరజ తనకు తానే చెప్పుకునేది.

తలుపు దగ్గర అలికిడైంది. బాలవ్వ. చేతిలో బట్టల సంచి.

"అక్కా, ఊరికి పోతున్న. ఇగ మల్ల రాను. పొద్దుమీకి బండి."

"ముందుగాల ఒక్క మాట చెప్పకపోతివి చెల్లె! గంత దూరపోళ్లమైతిమా?"

"దూరం చేసింది నేనా?" బాలవ్వ నేరుగా మంచం దగ్గరికి నడిచింది. "బావా, జర ఇటు తిరుగు. ఆయన పోయిన్నాడు ఎవ్వల్నీ రానియ్యలే, సరే. తర్వాతనన్న వచ్చి ఉన్నవా పోయినవా అని అడగొద్దా? గల్లీల నేను ఎదురైతే ఎనక్కి మర్లిపోతివి. నేనేం పాపం జేసిన?"

"చిన్నమ్మా, బాపుకు బాగాలేదు," అంటూ నీరజ లేచింది.

"నువ్వాగు బిడ్డా. ఆయన్నే చెప్పనియ్యి."

మాస్కు లోంచి గొంతు వచ్చింది. "పాపం జేసింది నువ్వు గాదు. నేను."

ఎల్లవ్వ చేతిలో పిండి ముద్ద అలాగే ఉండిపోయింది.

"సాంచాల నడుమ మాట ఇనరాదు. పెదవులు చూసే మాట్లాడుకుంటం. నీకెరికే, నువ్వు గూడ ఆడ దారం కండెలు చుట్టినవ్. ఆ దినం సోమలింగం ఏదో అన్నడు. మాస్కు అడ్డముండి తెలుస్తలేదు. తియ్యమని నేనే సైగ జేసిన. నేను గూడ దించిన. వాడు దగ్గరికొచ్చి మొకంల మొకం పెట్టి అడిగిండు, చాయ్ తాగుదమా అన్నా అని." గంగారాం మాస్కును ముక్కు మీదికి లాక్కున్నాడు. "గంతే. చాయ్ కోసం. తెల్లారి నాకు జ్వరమొచ్చె. ఎనక వాడు పడ్డడు. నేను లేసిన, వాడు లేవలే. నీరజ చెప్పనే చెప్పింది. మీరు గిట్ల మాస్కులు తీసుకుంట ఎవరి పాణమో తీస్తరని."

ఆ మాట నీరజదే. అవును, తనే అన్నది. సోమలింగానికి ఆక్సిజన్ పెట్టారని తెలిసిన పొద్దు, భయంతో తండ్రి మీద అరిచింది. ఆ పూటే మరిచిపోవాలనుకుంది. చదువుకున్న బిడ్డ నోటి మాట కనుక ఆయన దాన్ని తీర్పులా మోస్తున్నాడు.

బాలవ్వ నెమ్మదిగా నేల మీద కూలబడింది.

"బావా, నీకన్న ముందు జ్వరం నాకొచ్చింది."

గంగారాం తల తిప్పాడు.

"ఒళ్లు కాలుతుంటే గోలీ ఏసుకుని ఆయనకు సద్ది డబ్బా కట్టిన. చెప్తే ఆయన్ను కార్ఖానకు రానియ్యరని దాచిన. నువ్వు నన్ను చూసి తప్పుకుంటుంటే, నీకు తెలిసిపోయిందనుకున్న. నీ దోస్తును నేనే పొట్టన పెట్టుకున్ననని నీకు కోపమనుకున్న. నీ ముంగట తిరగలేకనే ఊరికి పోతున్న."

"ఒక్క గల్లీల ఉండి, ఎవరికి వాళ్లు లోపల్లోపల్నే కాలిపోతిరి గదనే!" ఎల్లవ్వ పిండి చేతులతోనే బాలవ్వను దగ్గరికి తీసుకుంది. "నేనేమో బద్ధకమని సతాయిస్తి."

నీరజ తండ్రి మోకాళ్ల దగ్గర కూర్చుంది. "బాపూ, ఎవరి నుంచి ఎవరికొచ్చిందో ఏ డాక్టరూ చెప్పలేడు. అన్నీ తెలిసినట్టు నేనే నోరు జారిన. మాఫ్ చెయ్యి."

"నువ్వన్నది అబద్ధం గాదు బిడ్డా."

"నిజం గూడ గాదు బాపూ." ఆమె ఏడుపు ఆపుకోలేదు. "రేపు డాక్టరు కాడికి పోదాం. మెట్లు దిగినంక నా చెయ్యి ఇడువకు."

బాలవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నన్ను గూడ తోల్కపో నీరజా. నాకు గూడ నిద్ర పడతలేదు. బండిదేముంది, మల్లొక రోజు ఉంటది."

సంచిని గోడకు చేర్చి ఆమె గంగారాం ఎదుట నిలబడింది. బయట సాంచాలు ఆగకుండా మోగుతున్నాయి. గొంతు ఎత్తకుండా, కార్ఖానాలో అడిగినట్టే, పెదవులతో మాత్రమే అడిగింది.

చాయ్ తాగుదమా?

గంగారాం ఆ పెదవుల వైపు చూస్తూ ఉండిపోయాడు. తర్వాత అతని చేయి చెవి దగ్గరికి పోయింది. మాస్కు తాడు జారింది. మాసిన గడ్డం, చెంపల మీద తాళ్లు చేసిన గీతలు. ఇన్నాళ్లకు ఇంటికి ఆ ముఖం కనబడింది.

అతని పెదవులు కదిలాయి. చప్పుడు లేదు. అయినా ముగ్గురికీ తెలిసింది.

ఎల్లవ్వ కళ్లు తుడుచుకుంటూ పొయ్యి మీద నీళ్లు పెట్టింది.