సహసభ్యురాలి ఎడమచెయ్యి

పొద్దున్న ఏడు దాటి పది నిమిషాలకు, వకుళ ఉప్మా తింటుండగా, ఎడమ మోచెయ్యి బరువెక్కడం మొదలైంది. ఆమె తినడం ఆపలేదు. అది రోజూ ఉండేదే. మూడు కిలోమీటర్ల అవతల, కాకినాడ రేవు పక్కన, రొయ్యల కర్మాగారంలో రాత్రి షిఫ్టు దిగిన రెండువందలమంది ఆడవాళ్లు హాస్టలు మెట్లెక్కుతున్నారు. వాళ్ల అడుగులు ఆమె మణికట్టు నుంచి పైకి చీమల బారులా పాకుతాయి. తర్వాత స్నానాల గదుల్లో నీళ్లు వదులుతారు, చర్మం చల్లబడుతుంది. ఎనిమిదిన్నరకల్లా అందరూ పడుకుంటారు, చెయ్యి తేలికవుతుంది.

ఆ రోజు తేలిక కాలేదు. మోచేతికి నాలుగువేళ్ల కింద, ఎముకలో ఎక్కడో, ఒక సలుపు మిగిలిపోయింది.

భవనాలకు స్పర్శజాలం వచ్చి అప్పటికి ముప్పై ఏళ్లు. కాంక్రీటు పోసేటప్పుడే వెంట్రుకకన్నా సన్నని తీగలను అందులో అల్లుతారు. కట్టడం మోసే బరువు, పీల్చిన చెమ్మ, తిన్న గాలిదెబ్బ ఆ తీగల ద్వారా ఒక మనిషి చేతికి కట్టిన స్పందనపట్టీకి చేరతాయి. అంతకుముందు ఆ పని యంత్రాలే చేసేవి. వాటి కూత నచ్చని యజమానులు వాటి నోరు నొక్కేసేవారు. మనిషి ఒంటి నొప్పిని అలా నొక్కలేరు కదా అని చట్టం చేశారు. నాలుగంతస్తులు దాటిన ప్రతి కట్టడానికీ లైసెన్సు గల ఒక వాస్తుశిల్పి పట్టీ కట్టుకోవాలి.

వాస్తుశిల్పులు కొన్నేళ్లు కట్టుకున్నారు. నిద్ర పట్టక, తిండి సహించక విసిగిపోయారు. అప్పుడు వాస్తుశిల్పుల సమాఖ్య, చదువు పూర్తయి లైసెన్సు ఇంకా రానివాళ్లకు తలుపులు తెరిచి, దానికి సహసభ్యత్వమని పేరు పెట్టింది. పెద్దవాళ్ల పట్టీలను సహసభ్యులు కట్టుకుంటారు. ఇరవైవేల స్పర్శగంటలు పూర్తయితే లైసెన్సు పరీక్షకు కూర్చోవచ్చు.

చేరిన రోజున వకుళ ఎంత పొంగిపోయిందో చెప్పలేం. డిగ్రీ చేతికొచ్చి ఏడాదైనా ఏ ఆఫీసులోనూ ఆమెను కుర్చీలో కూర్చోమన్నవాళ్లు లేరు. సమాఖ్య భవనంలో మాత్రం, నగరంలో సగం కట్టడాలకు సంతకం చేసిన పెద్దలు ఆమె పేరు అడిగారు, గ్రంథాలయం తాళంచెవి ఇచ్చారు, ఆదివారం ప్రసంగాల్లో ముందు వరుసలో కూర్చోబెట్టారు. "సహసభ్యురాలు" అన్న బ్యాడ్జీని ఆమె వారం రోజులు ఇంట్లో కూడా తీయలేదు. ఆ వారంలోనే ఆ పెద్దల్లో ఒకరైన భానోజీరావు గారు, తన పేరు మీదున్న రేవు హాస్టలు పట్టీని ఆమె చేతికి కట్టారు. ఇప్పుడు ఇంకో ఇరవైఒక్క రోజులైతే గంటలు పూర్తవుతాయి.

ఆమె పదింటికి ఆయన గదికి వెళ్లింది.

"పడమటి వైపు, మూడో అంతస్తులో స్తంభమండి," అంది. "నీళ్ల ట్యాంకు కింద ఉన్నది. జనం తిరగకపోయినా సలుపు తగ్గట్లేదు. లోపల ఇనుప చువ్వలు తుప్పుపట్టి పోతున్నాయనుకుంటున్నాను సార్. ఆ వైపు ఖాళీ చేయించాలి."

భానోజీరావు గారు అరవై దాటినవారు, పెద్దమనిషి. మాట తోసెయ్యలేదు. "ఇలా ఇవ్వమ్మా" అని పట్టీ విప్పించి తన చేతికి కట్టుకున్నారు. కళ్లు మూసుకుని చాలాసేపు కూర్చున్నారు. వకుళ ఆయన ముఖంలోకే చూస్తూ నిలబడింది.

"నాకేం తెలియట్లేదు వకుళా," అన్నారు చివరికి. "నిజంగా. సలుపు కాదు కదా, ట్యాంకు బరువు కూడా తెలియట్లేదు."

"మీరు చివరిసారి కట్టుకుని ఎన్నాళ్లయిందండి?"

"పదకొండేళ్లు." ఆయన పట్టీ విప్పి బల్లమీద పెట్టారు. "ఖాళీ చేయించాలంటే నేను సంతకం చెయ్యాలి. పత్రంలో ఏముందో నీకు తెలుసుగా. 'నేను స్వయంగా అనుభవించాను' అని ఉంటుంది. అనుభవించనిదానికి ఎలా సంతకం పెట్టను? సహసభ్యుల నొప్పి సలహా కిందకే వస్తుంది."

"మరి లోపలున్నవాళ్లో సార్?"

"ఇరవై రోజులు ఓపిక పట్టు. పరీక్షలో నువ్వు తప్పవు. అప్పుడు నువ్వే సంతకం పెడుదువుగాని."

ఆయన చెడ్డవారైతే ఆమెకు సులువుగా ఉండేది. ఆయన నిజంగానే ఏమీ తెలియక అలా అన్నారు.

ఆమె పట్టీ మళ్లీ కట్టుకుని బయటికొచ్చింది. మధ్యాహ్నానికి సలుపు భుజందాకా పాకింది. సమాఖ్య నియమావళి ఆమెకు కంఠతా వచ్చు. లైసెన్సు లేకుండా వాస్తుశిల్పి చెయ్యాల్సిన పని చేసినవారికి సభ్యత్వం పోతుంది, గంటలు రద్దవుతాయి, జీవితంలో మళ్లీ పరీక్షకు కూర్చోనివ్వరు. అదంతా ఆటోలో కూర్చుని ఇంకోసారి గుర్తుచేసుకుంది. రేవు దగ్గర దిగింది.

హాస్టలు చూసుకునే సత్యవేణి వాకిట్లో బియ్యం బస్తాలు దింపిస్తోంది. వకుళ చెప్పినదంతా విని, "కాయితం ఉందాండీ?" అంది.

"లేదండి."

"కాయితం లేకుండా ఆ పిల్లల్ని నిద్రలేపి రోడ్డు మీదకి ఎలా తోలమంటారండీ? అడిగితే ఏం చెప్పను?"

వకుళ చొక్కా చెయ్యి పైకి మడిచింది. పట్టీ పైనుంచి భుజందాకా చర్మం వంకాయరంగుకు తిరిగి ఉంది. సత్యవేణి ఒక వేలితో తాకి, చటుక్కున వెనక్కి తీసుకుంది.

"ఇది మా పిల్లరాండీ?"

"మీదేనండి."

సత్యవేణి కొంగు బిగించి మెట్లెక్కుతూనే పేర్లు పెట్టి కేకలేసింది. గంటలో రెండువందలమందీ దుప్పట్లు భుజాన వేసుకుని ఎదుటి బడి ఆవరణలోకి చేరారు. కొందరు తిట్టారు. ఒక అమ్మాయి వకుళ వైపు చూపించి, "ఎవత్తే ఈవిడ? ఆఫీసరా?" అని అడిగింది.

ఖాళీ అయిన కట్టడాన్ని తనిఖీ చేయడం మున్సిపాలిటీకి తప్పనిసరి. మర్నాడు వచ్చి ట్యాంకు దించి, స్తంభం మీద పెచ్చు ఊడగొట్టారు. చువ్వల స్థానంలో ఎర్రటి పొడి రాలింది. ఇంకో వారం నిలిచేది కాదని ఇంజనీరు రాశాడు.

సమాఖ్య క్రమశిక్షణ సంఘం ఆ నివేదికను చదివి, ఆమె చెప్పింది నిజమేనని రాతపూర్వకంగా ఒప్పుకుంది. కాని ఆమె చెప్పింది నిజమా కాదా అన్నది తమ ముందున్న ప్రశ్న కాదంది. లైసెన్సు లేని మనిషి ఒక భవనాన్ని ఖాళీ చేయించిందా లేదా అన్నదే ప్రశ్న. చేయించింది. సభ్యత్వం పోయింది. వకుళ బ్యాడ్జీ, తాళంచెవి, పట్టీ మూడూ బల్లమీద పెట్టి వచ్చేసింది. ఆ సాయంత్రం చెయ్యి ఎంత తేలికగా ఉందంటే, గ్లాసు ఎత్తబోతే నీళ్లు ఒలికాయి.

రెండు నెలలకు కొత్త స్తంభం వేశారు. ఆడవాళ్లు తిరిగి హాస్టలుకు వచ్చారు. ఆ తర్వాత వారానికి భానోజీరావు గారు వకుళ ఇంటికి వచ్చారు. చేతిలో పట్టీ ఉంది. మంచినీళ్లు ఇస్తే పుచ్చుకుని, గ్లాసు బల్లమీద పెట్టారు.

"నలుగురికి కట్టి చూశాం," అన్నారు. "ఎవరికీ ఏమీ తెలియట్లేదు. ఆ తీగలు రెండేళ్లలో నీ నరాలకి అలవాటుపడిపోయాయట. ఇంకొకరితో పలకవట. ఇలా జరుగుతుందని దాన్ని తయారుచేసినవాళ్లకే తెలీదట. ఇప్పుడా కట్టడంలో ఏం జరిగినా ఎవరికీ తెలియదమ్మా."

"నాకు సభ్యత్వం మళ్లీ ఇస్తారాండి?"

ఆయన తల అడ్డంగా ఊపారు. "అది కుదరదు. గంటలు కూడా లెక్కలోకి రావు. నేను శాయశక్తులా అడిగాను." జేబులోంచి ఒక పత్రం తీసి మడత విప్పారు. పట్టీ ధరించువారి హోదా అన్నచోట రెండే గడులు ఉన్నాయి. సభ్యులు, సహసభ్యులు. వాటి కింద ఆయన సొంత చేతిరాతతో "ఇతరులు" అని రాసి ఉంది.

"సంతకం ఎవరిదండి?"

"నాదే."

లోపల కుక్కరు కూత వేసింది. వకుళ లేచి పొయ్యి ఆపి వచ్చి, మళ్లీ అదే కుర్చీలో కూర్చుంది. ఏడింటికి మెట్లెక్కే ఆ ఆడవాళ్లలో ముఖం చూసి ఆమె గుర్తుపట్టగలిగేవాళ్లు ఇద్దరో ముగ్గురో. అడుగు తెలిసినవాళ్లు మాత్రం చాలామంది.

"ఎన్నాళ్లు సార్?"

"కొత్త స్తంభం వేశాం కదా, అరవై ఏళ్లకి ఢోకా లేదని..." అలవాటుగా, కాస్త గర్వంగా మొదలుపెట్టిన ఆయన అక్కడే ఆగిపోయారు.

వకుళకు అప్పటికి ఇరవయ్యారేళ్లు. ఆమె చొక్కా చెయ్యి పైకి మడిచి, ఎడమచేతిని బల్లమీద పెట్టింది.