మూత తీసినవాడు

ఆమె మొదటిసారి బేకరీకి వచ్చింది ముసురు పట్టిన రోజున. రొట్టె కొనలేదు, కేకు అడగలేదు. వెనక తలుపు దగ్గర చెత్తడబ్బా మూత ఎత్తి చూస్తోంది.

"ఏం కావాలండీ?" అన్నాడతను, చేతుల పిండి దులుపుకుంటూ. చెత్త తనిఖీకి వచ్చిన ఆఫీసరేమో అనుకున్నాడు.

"గుడ్డు పెంకులు."

"గుడ్లు లోపలున్నాయి. పెంకులతో సహా ఇస్తాం."

"గుడ్లు మీరే ఉంచుకోండి. పెంకులు చాలు."

గల్లాపెట్టె దగ్గర కూర్చున్న అతని అక్క ఫక్కున నవ్వింది. బావ పోయాక ఆ కొట్లో నవ్వు వినబడడం అదే మొదలు.

ఆమె ఎదురు వీధి కాలేజీలో రీసెర్చ్ చేస్తోంది. పెంకులు కడిగి, లోపలి పలచటి పొర ఒలిచి, ఆరబెట్టి, దంచి, ల్యాబ్ ఫర్నేస్‌లో తొమ్మిది వందల డిగ్రీల దగ్గర కాలిస్తే తెల్లటి పొడి మిగులుతుందట. వాడేసిన నూనెలో కాస్త మిథనాల్, ఆ పొడి వేసి వెచ్చగా తిప్పితే నూనె రెండుగా విడిపోతుందట. పైన ఇంజన్లో పోసుకునే ఇంధనం, కింద చిక్కటి గ్లిజరిన్.

"ఈ పని చేసే పొడి బయట కొనాలంటే ఖరీదండీ. ఇది మీరు పారేసేదే" అంది.

ఆ రోజు నుంచి పెంకులతో పాటు డోనట్లు వేయించిన నూనె కూడా ఇచ్చాడు. పెంకుల పొరలు తనే ఒలవడం మొదలెట్టాడు.

"కాఫీ గ్లాసు కడగమంటే నడుం నొప్పంటావు. పెంకులకి మాత్రం స్నానం చేయిస్తావే" అంది అక్క.

"ప్రయోగం కోసం అక్కా."

"ఆ పెంకుల పిల్ల ప్రయోగం ఎవరి మీదో కనబడుతూనే ఉందిలే."

ఆ ప్రయోగం వరసగా మూడుసార్లు ఒకేలా రావాలి. రెండుసార్లు వచ్చింది. మూడోది శుక్రవారంలోగా రాకపోతే ప్రాజెక్టు ఆపేస్తారు, ఆమె హాస్టల్ గది ఖాళీ చేసి ఊరెళ్ళిపోవాలి. ఆమె వెళ్ళిపోతే తన సంగతేమిటని అతను ఆలోచించకపోలేదు. పైకి అనలేదంతే.

బుధవారం మధ్యాహ్నం వానలో పెంకుల సంచి పట్టుకుని ల్యాబ్‌కి వెళ్ళాడు. గైడ్ గారు పిలిస్తే ఆమె పై అంతస్తుకి వెళ్ళిందని వరండాలో ఎవరో అన్నారు. బల్ల మీద గాజు సీసా, అందులో తెల్లటి పొడి. సీసా ఇంకా వేడిగానే ఉంది, మూత మాత్రం బిగించి ఉంది.

అతనికి ప్రాణం ఉసూరుమంది. పొయ్యిలోంచి తీసిన వేడి సరుకుకి మూత పెడితే చెమర్చి పాడవుతుందన్నది పన్నెండేళ్ళుగా అతని చేతులకి తెలిసిన పాఠం. పాపం, తొందరలో మర్చిపోయినట్టుంది అనుకుని మూత తీశాడు. త్వరగా ఆరుతుందని కిటికీ కూడా తెరిచాడు. రెండు గంటలు కాపలా కూర్చున్నా ఆమె కిందికి రాలేదు. పొడి చల్లారాక కిటికీ వేసి, బుద్ధిగా మూత బిగించి, కొట్టు గుర్తొచ్చి వెళ్ళిపోయాడు. దారంతా తనలో తనే మురిసిపోయాడు కూడా.

గురువారం సాయంత్రం ఆమె వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"నూనె విడిపోలేదండీ. తెల్లగా కలిసిపోయి అలాగే కూర్చుంది."

"నూనెలో తేడా ఉందేమో."

"నూనె అదే. పొడిలోనే సత్తువ లేదు. కాలిన పొడికి గాలి తగలకూడదు, వానగాలి అసలే తగలకూడదు. తేమ పట్టేసి ఎందుకూ పనికిరాదు. అందుకే వేడి మీదే మూత బిగించాను. ఇంకెక్కడ తప్పు చేశానో నాకే తెలీట్లేదు. రేపు మానేస్తున్నానని లెటర్ ఇచ్చేస్తా."

అతని చేతిలో ట్రే ఆగిపోయింది. చెబితే ఆమె మళ్ళీ తన మొహం చూడదు, చెప్పకపోతే వెళ్ళిపోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"బన్ను తింటారా?" అన్నాడు చివరికి.

ఆమె వద్దని తలూపి వెళ్ళిపోయింది.

తెల్లారి పిండిలో ఉప్పు రెండుసార్లు వేశాడు. అక్క రుచి చూసి, తమ్ముడి మొహం చూసి, "ఏం చేశావురా?" అంది. చెప్పాడు.

"మీ బావ గుండె నొప్పి సంగతి నెల రోజులు నాకు చెప్పలేదు, బాధపడతానని" అంది అక్క. "వెళ్ళు."

ఏప్రన్ కూడా విప్పకుండా పరిగెత్తాడు. అప్పటికే లెటర్ గైడ్ గారి చేతిలో ఉంది. ఆమె పక్కనే నిలబడి ఉంది.

"సార్, మూత తీసింది నేను" అన్నాడు. కిటికీతో సహా అంతా చెప్పాడు.

గైడ్ గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "కారణం తెలీకపోతే ఆపేయాల్సిందే. తెలిసింది కాబట్టి అదే పొడి మళ్ళీ కాల్చి చూడొచ్చు. వారం గడువిస్తున్నా. ఏమ్మా?"

ఆమె సరేనంది. అతని వైపు మాత్రం చూడలేదు.

ఆ వారమంతా వాన వచ్చింది గాని ఆమె రాలేదు. పెంకులు సంచుల్లో పేరుకున్నాయి. అతను పొరలు ఒలుస్తూనే ఉన్నాడు. ఎవరి కోసంరా అని అక్క అడగలేదు.

ఎనిమిదో రోజు గొడుగు లేకుండా తడిసి వచ్చింది. చేతిలో గాజు గొట్టం. లోపల పైన తేనెరంగు, కింద ముదురు రంగు, మధ్యలో గీత గీసినట్టుంది.

"విడిపోయింది" అన్నాడు మెల్లగా.

"మూడోసారి కూడా."

"నన్ను క్షమించండి."

"మూత తీసినందుకు కోపం లేదండీ. మీ పని మీకలా నేర్పింది. గురువారం నాడు, అంతా తెలిసి కూడా బన్ను తింటారా అన్నారు చూడండి, దానికి కోపం. గదికెళ్ళి ఏడుస్తూ పెట్టె సర్దుకున్నాను."

"చెబితే మళ్ళీ రారేమోనని భయపడ్డా."

"రాకపోతే ఏం?"

అతను పిండి చేతుల వైపు చూసుకున్నాడు. "మీరు రాకపోతే నాకేం బావుండదు. మీరంటే నాకు ఇష్టం. ఇది కూడా ఆలస్యంగానే చెబుతున్నా."

ఆమె గాజు గొట్టాన్ని జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది. "ఇంకెప్పుడూ నాకు ఏదీ ఆలస్యంగా చెప్పకు" అంది. 'మీరు' పోయి 'నువ్వు' వచ్చిందని అతనికి కాసేపటికి గాని తట్టలేదు.

బల్ల మీద, అప్పుడే తీసిన బన్నుల ట్రే పొగలు కక్కుతోంది. తలుపులోంచి జల్లు కొడుతోందని ఆమె పక్కనున్న పెద్ద మూత తెచ్చి దాని మీద బోర్లించింది.

అతను మూత వైపు చెయ్యి చాచి, మధ్యలోనే ఆపేశాడు.

"వేడి మీద మూత పెట్టకూడదు" అన్నాడు. "చెమర్చి పాడైపోతాయి."

ఆమె అతని వైపు చూసింది. వారం తర్వాత మొదటిసారి నవ్వింది. మూత ఈసారి ఆమే తీసింది.

అక్క గల్లాపెట్టె మూసి, మూడు కాఫీలు పెట్టడానికి లోపలికి వెళ్ళింది.