మీటరుకు కనపడని మనిషి

పొద్దున్నే కోడలు డబ్బాలు సర్దుతోంది. అత్తగారు మూతలు అందిస్తోంది. కొడుకు మాత్రం కంప్యూటర్లోంచి తల ఎత్తడం లేదు. కరెంటు మీటర్ల లెక్కలు చూసి, ఏ ఇంట్లో ఎప్పుడు ఏం వాడుతున్నారో చెప్పే ప్రోగ్రాం రాయడం అతని ఉద్యోగం. సరిగ్గా పనిచేస్తోందో లేదో చూద్దామని సొంత ఇంటి మీటరు మీదే నడిపాడు.

"అమ్మా, మేం వెళ్లాక రోజూ నువ్వెక్కడికి పోతున్నావ్?"

"ఎక్కడికి పోతానురా? ఇంట్లోనే ఉంటాను."

"మరి మేం వెళ్లింది మొదలు తిరిగొచ్చేదాకా 'ఇల్లు ఖాళీ' అని వస్తోందే! ఫ్రిజ్ తప్ప ఏదీ నడవట్లేదు."

కోడలి చేతిలో గరిటె ఆగిపోయింది. పోయిన నెల కూరగాయలకని వెళ్లి, దారి తప్పి, పక్క వీధిలో ఏడుస్తూ నిలబడ్డ అత్తగారు కళ్లముందు మెదిలింది.

"అత్తయ్యా, మీకు గుర్తుండట్లేదేమో..."

"మతి పోయిందంటావా? ఆ కుర్చీలోనే కూర్చుంటానమ్మా!"

"మీటరు అబద్ధం చెప్పదమ్మా," అన్నాడు కొడుకు. "ఇవాళ్టి నుంచి బయట తాళం వేసి వెళ్తాం. నీ మంచికే."

ఆవిడ తన కుర్చీ వైపు చూసింది. ఇంట్లోనే ఉన్నానని ఎవరిచేత చెప్పించాలి? ఉన్నప్పుడు చూసినవాళ్లెవరు?

"ఫ్రిజ్ ఉందని తెలిసిన మీటరుకి నేనున్నానని తెలీలేదేం నాన్నా?"

కొడుక్కి నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఆగింది. వేల ఇళ్ల లెక్కలు చకచకా తేలాలని, చిన్నచిన్న వాడకాలన్నీ చెత్త కింద తీసెయ్యమని ప్రోగ్రాముకు చెప్పింది తనే.

"పగలు ఫ్యాను వేసుకోవా అమ్మా?"

"నా ఒక్కదానికి ఎందుకురా, కిటికీ ఉందిగా. రేడియో పెట్టుకుంటాను. మనుషుల గొంతులు వినపడుతుంటాయి."

అతను ఆ షరతు తీసేసి మళ్లీ నడిపాడు. ఫ్రిజ్ గీత పక్కనే, వెంట్రుకంత సన్నగా, ఇంకో గీత మొలిచింది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎక్కడా తెగలేదు.

కోడలు తాళంకప్పను సొరుగులో పడేసి, వచ్చి అత్తగారి చెయ్యి పట్టుకుంది. కళ్లు తుడుచుకోవడం కూడా మర్చిపోయింది.

పెద్దావిడ తెర మీదకు వంగింది. "ఇప్పుడు కనపడుతున్నానా?"

"కనపడుతున్నావమ్మా," అన్నాడు, తల ఎత్తలేక.

కింద ఆఫీసు బస్సు హారన్ కొట్టింది. వెళ్లక తప్పదు. వెళ్తూ వెళ్తూ ఫ్యాను స్విచ్చి వేశాడు. అంతకన్నా ఏం చెయ్యాలో తోచలేదు.

మెట్లు సగం దిగారో లేదో, పైన రేడియో మొదలైంది.